ఎనిమిదో పేలుడు

మేస్త్రీ తలుపుకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాచేశాడు. "గంట. గంటయ్యేదాకా ఎవరూ బయట కాలు పెట్టడానికి లేదు," అంటూనే చేతి గడియారం చూసుకున్నాడు, రెండూ నలభై, అంటే మూడూ నలభై దాకా మా నాన్న అక్కడే, నూట ఇరవై అంగల దూరంలో, క్వారీలో ఇప్పుడే పగిలిన రాళ్ల మధ్య అలా పడి ఉండాలన్నమాట. నా మోచెయ్యి నొప్పి పుడుతోంది, ఎందుకా అని చూస్తే కంప్రెసర్ పట్టుకుని ఉన్నాడు. రాతికి రంధ్రాలు కొట్టే పని అతనిది, ఆ యంత్రంలాగే పొద్దస్తమానం మోత పెడతాడని అందరూ కంప్రెసర్ అంటారు. నేను బయటికి పరిగెత్తానట, అతను వెనక్కి లాక్కొచ్చాడట, నాకేం గుర్తు లేదు. కాలికి చెప్పు ఒకటే ఉంది. రెండోది గుమ్మం అవతల దుమ్ములో బోర్లా పడి ఉంది, దానివైపు చూస్తున్నాను, ఎందుకంటే దానికి ఇంకొంచెం పక్కకి చూస్తే గోడలోని సన్నటి సందు వస్తుంది, ఆ సందులోంచి నాన్న బూటు కనిపిస్తుంది. బూటు అడుగు. మడమ దగ్గర అరిగిపోయి, పోయిన నెలే మేకులు కొట్టించుకున్న కుడికాలి బూటు.

"నేను వెళ్తానండీ మేస్త్రీ గారూ, పాక్కుంటూ పోతాను," అన్నాడు కంప్రెసర్. "నీ పెళ్లాం పిల్లలకి నేను జవాబు చెప్పాలా? ఈ రూలు నాది కాదయ్యా, ఆయన పెట్టిందే. లెక్కలో తేడా వస్తే గంట ఆగాలి, అక్కడ పడింది నా కన్నబిడ్డయినా సరే గంట ఆగాలని నాతో ప్రమాణం చేయించుకున్నాడు, ఈ గదిలోనే," అన్నాడు మేస్త్రీ. నిజమే. నాన్న రూలే. పన్నెండు రంధ్రాల్లో పేలుడుమందు కూరి, పన్నెండు వత్తులు అంటించి, నాన్న మేమంతా తలదాచుకునే ఈ గదిలోకి వచ్చాడు, మోతలన్నీ అయ్యాక చెయ్యి పైకెత్తి "పన్నెండు" అని గట్టిగా చెప్పాడు, మేస్త్రీ రిజిస్టర్‌లో పన్నెండని రాసుకున్నాడు. పది నిమిషాలు పొగ తగ్గనిచ్చి, మందు పేల్చినవాడే ముందు వెళ్లి చూడాలి గనక నాన్న ఒక్కడే వెళ్లాడు. అప్పుడు ఇంకోటి పేలింది. పన్నెండూ అయిపోయాక ఇంకోటి ఎక్కణ్నుంచి వచ్చింది? అంటే లెక్క తప్పు. ఎంత తప్పో, ఒకటో రెండో మూడో, ఆ రాతిలో ఇంకా ఎన్ని వత్తులు నిద్రపోతూ కాలుతున్నాయో ఎవరికీ తెలీదు. అందుకే గంట.

నాకు తెలుసు. నేను విన్నవి పదకొండు. ఇప్పుడు పేలిన దానితో పన్నెండు. సరిపోయింది. అక్కడింకేం లేదు, ఈ నిమిషమే వెళ్లొచ్చు, అందరం కలిసి పరిగెత్తి నాన్నని మోసుకు రావచ్చు, ఈ ఒక్క మాట చెబితే చాలు. నోరు తెరిచాను. లోపలంతా రాతిపొడే, పళ్ల మధ్య కరకరలాడుతోంది. ఆ మాట చెప్పాలంటే దానికి ముందు ఇంకో మాట చెప్పాలి. లెక్కపెట్టింది నాన్న కాదని. మా నాన్నకి చెవులు వినపడవని.

కుడిచెవి యుద్ధంలో పోయింది. అది ఊరందరికీ తెలుసు, సిపాయి గారితో మాట్లాడాలంటే ఎడమవైపు నడవాలి అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎడమచెవి మూడేళ్ల కిందట పోయింది, ఆ సంగతి అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. అప్పటినుంచే నేను బట్టల కొట్టు పని మానేసి క్వారీకి వస్తున్నాను, నాన్నకి సాయంగా అని అందరూ అనుకున్నారు, మందు పెట్టెలు మోస్తుంది, వత్తులు కోస్తుంది, మగరాయుడు అనుకున్నారు. నా అసలు పని ఈ గదిలో. నాన్న సందుకి మొహం పెట్టి నిలబడతాడు, నేను ఎవరికీ చెయ్యి కనపడకుండా వెనక ఆనుకుని నిలబడతాను, ఒక్కో మోత వినగానే ఆయన రెండు రెక్కల మధ్య వేలితో ఒక్కసారి తడతాను. ఆయన లోపల లెక్కపెట్టుకుంటాడు. మేస్త్రీ లెక్కపెట్టకూడదు, కంప్రెసర్ లెక్కపెట్టకూడదు, ఒకరి లెక్కే ఉండాలి, లేకపోతే వాదించుకుంటూ కూర్చుంటారు అనేవాడు నాన్న. లైసెన్సుకి డాక్టరు పరీక్ష పెట్టిన రోజు డాక్టరు వెనక నిలబడి అంకెలు గుసగుసలాడుతుంటే, నేను నాన్న ఎదురుగా బల్ల దగ్గర కూర్చుని, డాక్టరుకి కనపడకుండా నాన్న ఒంటి చాటున వేళ్లతో చూపించాను, ఏడు, మూడు, తొమ్మిది. బయటికొచ్చాక నాన్న పడీ పడీ నవ్వాడు. "డాక్టరు నా చెవులు మెచ్చుకున్నాడే. పాతికేళ్ల కుర్రాడి చెవులట." నేనూ నవ్వాను. ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాం.

పదకొండేనా? నిజంగా పదకొండేనా? పది అయితే? పది అయితే అక్కడ ఇంకోటి ఉంది, నా మాట నమ్మి కంప్రెసర్ పరిగెడతాడు, అది అతని మొహం మీద పేలుతుంది, అతనికి ఇద్దరు పిల్లలు, చిన్నదానికి మొన్ననే పళ్లు ఊడాయని ఆ బోసినోటి ఫోటో పట్టుకొచ్చి రోజంతా మా ప్రాణాలు తోడాడు. మళ్లీ విను. కళ్లు మూసుకుని మళ్లీ మొదటినుంచి విను. మొదటిది ఎడమ చివర, ఎప్పుడూ అదే ముందు, పొడి దగ్గులా. రెండోది, మూడోది వెంటవెంటనే, మూడోదానికి పైకప్పు రేకు మోగింది. నాలుగు. నాలుగోదానికి నాన్న భుజం మీద చీమ పాకుతుంటే దాన్ని దులపాలా వద్దా అనుకున్నాను, దులిపితే దాన్ని కూడా లెక్కలో వేసుకుంటాడేమోనని ఊరుకున్నాను. ఐదు, ఆరు. ఆరుకీ ఏడుకీ మధ్య చాలాసేపు ఏమీ లేదు, మేస్త్రీ దగ్గాడు. ఏడు. తర్వాత ఎనిమిదోది.

ఎనిమిదోది పెద్దది. నేల అదిరింది, సందులోంచి గాలి వచ్చి నాన్న జుట్టు లేచింది, అంత పెద్ద మోత ఒక్క రంధ్రంలోంచి రాదు అనుకున్నాను, రెండు కలిసి పేలి ఉంటాయి అనుకున్నాను. అనుకుని, రెండుసార్లు తట్టాను. నాన్న వీపు కొంచెం బిగుసుకుంది. అప్పుడే తిరిగి నా మొహం చూస్తాడనుకున్నాను. చూడలేదు. నా వేలిని నమ్మాడు. అలా తట్టకూడదని నాకు చెప్పని రోజు లేదు: నువ్వు అనుకున్నది నాకు అక్కర్లేదు పిల్లా, విన్నది చెప్పు, రెండు కలిసి పేలితే అది ఒకటే, లెక్క తక్కువొస్తే గంట కూర్చుందాం, కబుర్లు చెప్పుకుందాం, ఏం పోయింది. తొమ్మిది, పది, పదకొండు. మూడూ విడివిడిగా విన్నాను. పదకొండే. ఒట్టు. పదకొండే.

బూటు కదిలింది.

ఎడమవైపుకి కొంచెం, నిద్రలో కాలు సర్దుకున్నట్టు. దాని మీద వాలిన పిట్ట ఒకటి, బూడిదరంగుది, చప్పున లేచిపోయింది. నేను చూశాను. మేస్త్రీ ఫోను నంబరు నొక్కుతున్నాడు, కంప్రెసర్ తల మోకాళ్ల మీద పెట్టుకున్నాడు, ఇంకెవరూ చూడలేదు. బతికే ఉన్నాడు. చెప్పు, ఇప్పుడు చెప్పు, ఇంకా ఎందుకు నిలబడ్డావు. కాని ఎవరో నా తలలో చాలా తాపీగా మాట్లాడుతున్నారు, గాలికి కదిలిందేమో, రాయి జారి తగిలిందేమో, ఇంకో యాభై నిమిషాలేగా, ఇప్పుడు చెబితే నాన్న పరువేం కావాలి, చెవిటివాడు ముప్పై మంది పనివాళ్ల మధ్య మూడేళ్లు మందు పేల్చాడని ఊరంతా అనుకోదూ, అదీ ఈ రోజు, అన్ని రోజులుండగా ఈ రోజు. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. నాదే. నాన్న పరువంటున్న ఆ గొంతు కాపాడుతున్నది నన్నే.

ఈ రోజు నాలుగింటికి టౌన్ హాలు ముందు రాయి ఆవిష్కరిస్తారు. నల్లరాయి, మా క్వారీదే, కంప్రెసర్ కొట్టిన రంధ్రంలో నాన్న పేల్చిన మందుకి ఊడివచ్చిందే. దాని మీద ఊరినుంచి యుద్ధానికి వెళ్లినవాళ్ల పేర్లు, రెండే పేర్లు. ఒకటి నాన్నది. ఇంకోటి పొడుగోడిది, నాన్న అలాగే అనేవాడు, అంత పొడుగట, గుడారంలో కాళ్లు బయటికి వచ్చేవట. ఇద్దరూ భూమిలో పాతిన మందుపాతరలు ఏరే దళం. పొడుగోడు తిరిగి రాలేదు. వాడి చెల్లెలికి బజారులో పుస్తకాల కొట్టు ఉంది, నేను బడికి వెళ్లే రోజుల్లో పిలిచి మరీ పెన్సిలు ఇచ్చేది, నాన్న మాత్రం ఆ కొట్టు వచ్చేసరికి రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్లిపోయేవాడు, వాన కురుస్తున్నా, చేతిలో నేనున్నా. గడ్డి మీద కూడా నడిచేవాడు కాదు. బడి మైదానం దాటాలంటే గోడ వెంట చుట్టు తిరిగి వెళ్లేవాళ్లం, తప్పనిసరై గడ్డిలోకి దిగితే ముందు తను అడుగేసి, "నేను వేసిన అడుగులోనే వెయ్," అనేవాడు, నేను అది ఆటనుకుని ఆయన పెద్ద బూటు గుర్తుల్లో నా చిన్న చెప్పులు పెట్టుకుంటూ గెంతేదాన్ని.

రాయి దగ్గరికి రానని మొండికేశాడు. నెల రోజులనుంచి ఇంట్లో అదే గొడవ. అమ్మ కోటు ఇస్త్రీ చేయించింది, గుండీలు మార్చింది, నేను యుద్ధంలో వచ్చిన పతకాన్ని ముగ్గుపిండి లాంటి తెల్లపొడితో తోమి తళతళలాడించాను, నాన్న దాన్ని తీసి మళ్లీ మేకుల డబ్బాలో పడేశాడు. "ఎన్నాళ్లకి ఊరు నిన్ను తల్చుకుంది నాన్నా, ఒక్క గంట నిలబడితే నీ సొమ్మేం పోతుంది?" అని చేతులు తిప్పుతూ, నోరు విప్పి, తను పెదవులు చదివేలా అరిచాను. నిన్న రాత్రి అన్నం తింటూ సరేనన్నాడు. నాకోసమే. ఈ పొద్దున మేస్త్రీ పన్నెండు రంధ్రాలు సాయంత్రంలోపు పేలాలన్నాడు, రెండున్నరకి అయిపోతే మూడింటికి ఇల్లు, స్నానం, గడ్డం, కోటు, నాలుగుకి టౌన్ హాలు, నేను వేళ్ల మీద లెక్కవేసుకుంటూనే ఉన్నాను. పదకొండని తడితే గంట ఆగాలి. గంట ఆగితే ఆయన ఆ వంకన రాడు. ఎనిమిదోది పెద్దగా మోగింది కదా. రెండు కలిసే ఉంటాయి కదా. నా వేలికి అది చాలింది.

ఫోను మోగింది, నా జేబులో. అమ్మ. "ఏమే, ఇంకా బయల్దేరలేదా? నీళ్లు చల్లారిపోతున్నాయి. ఆయన ఎక్కడున్నాడు, మళ్లీ ఏ రాయి చాటునో దాక్కున్నాడా? చెప్పవే, తప్పించుకోడానికి చూస్తే చెవి పట్టుకుని లాక్కొస్తానని చెప్పు, వినపడని చెవే పట్టుకుంటానని చెప్పు." నవ్వుతోంది. వెనకాల ఎవరివో ఆడవాళ్ల నవ్వులు కూడా, పక్కింటివాళ్లు తయారై వచ్చి కూర్చున్నట్టున్నారు. "వస్తున్నాం అమ్మా," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. అంత మామూలుగా ఎలా వచ్చిందో నాకే భయం వేసింది. ఫోను పెట్టేసి గోడకి జారగిలబడ్డాను. మూడూ పన్నెండు.

ఆయన చివరగా చేసిన పని నేను చూశాను. అది చూడనట్టు ఇంతసేపూ పక్కకి తోస్తున్నాను, ఇక తోయడానికి చోటు లేదు. నాన్న రాతి దగ్గరికి వెళ్లాడు, వంగి చూస్తూ ఒక్కో రంధ్రం దాటుతున్నాడు, కంప్రెసర్ అలవాటు ప్రకారం తొందరపడి గది దిగి పది అంగలు వేశాడు, అప్పుడు నాన్న ఆగాడు. ఏదో చూశాడు. సన్నటి పొగ అయి ఉంటుంది. రాతివైపు తిరిగి ఉన్నవాడు ఒక్కసారి ఇటు తిరిగాడు. కింద పడుకోవచ్చు, పక్కనే పెద్దరాయి ఉంది, దాని వెనక్కి దూకొచ్చు, రెండు క్షణాలు చాలు. దూకలేదు. అరచెయ్యి ఇటు చూపించి చెయ్యి పైకెత్తాడు. ఆగు. కంప్రెసర్ ఆగాడు, అందుకే ఇప్పుడు ఇక్కడ తల మోకాళ్ల మీద పెట్టుకుని బతికి ఉన్నాడు. చెయ్యి అలా ఉండగానే నాన్న అతని మీదుగా, ఈ సందువైపు, నావైపు చూశాడు. నూట ఇరవై అంగల్లో కళ్లేం కనిపిస్తాయి. కాని నాకు తెలుసు. ఎనిమిదో మోతకి రెండుసార్లు తట్టిన వేలు ఆ క్షణంలో ఆయన వీపు మీదే ఉంది.

ఒకసారి అడిగాను, పదేళ్లదాన్ని అప్పుడు. పొడుగోడు ఎలా పోయాడని. "పద్నాలుగు పాతరలు తీశాం, దారి శుభ్రమైందని తెల్ల పట్టీ కట్టాం. వాడు ముందు నడిచాడు. పదిహేనోది ఉంది," అన్నాడు. "మరి పద్నాలుగే అని ఎవరు లెక్కపెట్టారు నాన్నా?" నాన్న లేచి పెరట్లోకి వెళ్లి, కారని కుళాయిని గట్టిగా కట్టేసి వచ్చాడు. కాగితాల్లో శత్రువు పని అని రాశారు, నాన్నకి పతకం ఇచ్చారు. రోడ్డు అవతలి పక్కన నడవడం అప్పుడు మొదలైంది. ముప్పై ఏళ్లు. పొడుగోడి చెల్లెలి ఎదుటికి వెళ్లి ఒక్క మాట అనలేక ముప్పై ఏళ్లు గోడల వెంట చుట్టు తిరిగి నడిచాడు, ఇవాళ నేను ఆయన్ని కోటు తొడిగి తీసుకెళ్లి ఆవిడ పక్కనే కుర్చీలో కూర్చోబెట్టబోయాను.

పిట్ట మళ్లీ వచ్చింది. బూటు మీద వాలింది. నేను చూస్తున్నాను, కదులు నాన్నా, ఒక్కసారి, దాన్ని తోలెయ్. అది తోక ఆడించింది. మడమ మేకుని ముక్కుతో పొడిచింది. అక్కణ్నుంచి కాలి మీదికి గెంతింది, నేను సందుకి కన్ను ఆనించాను, మోకాలి దాకా తీరుబడిగా నడిచింది, వీపెక్కి, సరిగ్గా నా వేలు పెట్టే చోట ఆగి రెక్క కింద ముక్కు పెట్టి తుడుచుకుంది. ఎవరూ తోలలేదు. నేను చూస్తూనే ఉన్నాను, గడియారంలో ముల్లు మూడూ ఇరవై ఐదు దాటింది. బూటు కదిలినప్పుడు రెండూ యాభై. ఈ ముప్పై ఐదు నిమిషాలు ఏ యుద్ధానివీ కావు, ఏ మందువీ కావు.

మేస్త్రీ ఫోన్లో మాట్లాడుతున్నాడు, మేనేజరుతో. "అవునండీ... లేదండీ, కదలికేం లేదు... వేరేవాళ్ల తప్పేం లేదండీ, పన్నెండని ఆయన నోటితో చెప్పిందే నేను రాశాను. వయసైపోయింది కదండీ, ఎక్కడో లెక్క మర్చిపోయి ఉంటాడు. ముసలాయన పొరపాటేనండీ. ఆ, రిజిస్టర్‌లో అలాగే రాస్తాను." ఫోను మెడ దగ్గర ఇరికించుకుని, రిజిస్టర్ మోకాలి మీద పెట్టుకుని, కలం మూత పళ్లతో తీశాడు. చెడ్డవాడు కాదు. కళ్లు తుడుచుకుంటూనే రాస్తున్నాడు. ప్రమాదానికి కారణం అని ఉన్న గడి ఖాళీగా ఉంది, నాకు ఇక్కణ్నుంచి కనిపిస్తోంది. ఊరుకుంటే చాలు. ఏమీ చెయ్యక్కర్లేదు. ఆయన రాసేస్తాడు, జనం నాలుగు రోజులు అయ్యో సిపాయి గారు అంటారు, నేను పుస్తకాల కొట్టు వచ్చినప్పుడల్లా కాదు, ఈ ఊళ్లో ప్రతి గుమ్మం వచ్చినప్పుడల్లా రోడ్డు దాటి అవతలికి వెళ్తాను. ముప్పై ఏళ్లు. నలభై. కారని కుళాయిలు కట్టేస్తూ.

వేలు చూసుకున్నాను. చూపుడువేలు.

"మేస్త్రీ గారూ, రాయకండి."

కంప్రెసర్ తలెత్తాడు. "చెల్లెమ్మా, ఊరుకో, కూర్చో," అన్నాడు.

"మా నాన్నకి మూడేళ్లుగా చెవులు వినపడవు. రెండూ. లెక్క ఆయనది కాదు."

మేస్త్రీ ఫోను దించాడు. అందులోంచి మేనేజరు గొంతు కీచురాయిలా గీపెడుతోంది. "ఏం మాట్లాడుతున్నావమ్మా? పన్నెండన్నది ఆయనే కదా, నా చెవులారా విన్నాను."

"ఆయనకి వేలితో తట్టి చెప్పారు. విన్నవి పదకొండు. ఎనిమిదోదాన్ని రెండనుకుని రెండుసార్లు తట్టారు, ఇంటికి వేళైపోతోందని. తర్వాత పేలింది పన్నెండోది. అక్కడింకేం లేదు, పిట్ట కూడా బెదరకుండా ఆయన మీదే తిరుగుతోంది, చూడండి. రెండూ యాభైకి బూటు కదిలింది. అదీ చెప్పలేదు."

బయట దుమ్ములో నా చెప్పు బోర్లా పడి ఉంది.

"ఎవరు?" అన్నాడు మేస్త్రీ, కలం ఇంకా ఆ గడి మీదే ఉంది. "ఎవరమ్మా తట్టింది?"

"నేను," అన్నాను. నాన్నకి చెప్పినట్టు, పెదవులు విడివిడిగా కదిలేలా, గట్టిగా. "రాయండి. సిపాయి గారి కూతురు. నేనే."